కాలు కింద పెట్టని కృపారావు

జగ్గయ్యపేటలో ముక్త్యాల రోడ్డు మొదట్లో ఒక సైకిల్ షాపు ఉంది. బోర్డు లేదు. రేకుల పందిరి, గాలి పంపు, నీళ్ళ తొట్టి, ఆ తొట్టిలో ట్యూబు ముంచి బుడగల కోసం చూస్తూ ఒక బక్కపల్చని మనిషి కనపడతాడు. మొన్న ఒక కాలేజీ కుర్రాడు అతని ముందు సైకిల్ పడేసి, "ఏయ్, త్వరగా కానీ" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ కుర్రాడి చెవి పట్టుకుని, ఈయనెవరో తెలుసా నీకు అని అడగబోయాను. కృపారావే నా చెయ్యి పట్టుకుని ఆపాడు. అతనికి కోపం రాదు. అతనికి రావలసిన కోపం కూడా నాకే వస్తుంది. అందుకే ఇది రాస్తున్నాను.

నా పేరు చిన్నబాబు. మాది నందిగామ. మిరప, పత్తి వేసే పొలం ఉన్నా నా బుద్ధి మైకు మీదకు పోయింది. డెబ్బై ఒకటిలో ఒక మైకు సెట్టు, రెండు హారన్లు, ఒక గ్రామఫోను కొని పెళ్ళిళ్ళకీ సభలకీ తిప్పేవాణ్ణి. "పొలం ఉన్నవాడివి, ఊళ్ళెంట అరుచుకుంటా తిరగటమేంట్రా" అని మా నాన్న తిట్టని రోజు లేదు. అరవడంలో నాకున్న ప్రతిభ ఆయనకి చివరిదాకా అర్థం కాలేదు.

అప్పట్లో ఆగకుండా సైకిల్ తొక్కే ప్రదర్శనలు ఊరూరా జరిగేవి. ఇప్పటి పిల్లలకి చెప్తే నమ్మరు. ఖాళీ స్థలంలో వెదురు బద్దలతో గుండ్రంగా దడి కట్టేవాళ్ళు. మనిషి సైకిలెక్కి లోపలికి వెళ్ళాడంటే ఏడు రోజుల పాటు దిగకూడదు. తినడం, స్నానం, గడ్డం గీసుకోవడం, చొక్కా మార్చుకోవడం, అన్నీ తొక్కుతూనే. కునుకు కూడా హ్యాండిలు మీద తల వాల్చి, కాళ్ళు ఆడిస్తూనే తీయాలి. మిగతా అవసరాలకి దడి లోపల ఒక మూల గోనెపట్టాల తెర ఉండేది. దాని గురించి మైకులో చెప్పమని నన్నెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఒక్కటే నియమం. కాలు నేలకి తగిలిందా, ఆట అయిపోయినట్టే.

ఈ విద్యలో కృపారావుని మించినవాణ్ణి నేను చూడలేదు. నోటితో నేల మీది రుమాలు తీసేవాడు. సైకిల్‌ని కదలకుండా ఉన్నచోటే నిలబెట్టి, పెడళ్ళ మీద నిలబడి ఒక అరటిపండు ఒలుచుకు తినేవాడు. అతని భార్య దేవమణి మిరపకోతలకి వెళ్ళొచ్చి, దడి వెంట పరిగెడుతూ మజ్జిగ చెంబు అందించేది. ఒక్క చుక్క ఒలికేది కాదు. పక్కనే బల్ల వేసుకుని నేను మైకులో వాయించేవాణ్ణి.

డెబ్బై మూడులో జగ్గయ్యపేటలోనే ఆట పెట్టాం. మూడో రోజుకి జనం పల్చబడ్డారు. ఊళ్ళోకి నాటకాలవాళ్ళు దిగారు, అందరూ అటు పోయారు. నాకు పౌరుషం వచ్చింది. మైకు అందుకుని నోటికొచ్చింది అనేశాను. "పులులు తిరిగే నల్లమల అడవిలో, దోర్నాల నుంచి ఆత్మకూరు దాకా, కొండల మధ్య కనుమదారిలో, కాలు కింద పెట్టకుండా సైకిల్ తొక్కిన ఏకైక వీరుడు, కనుమ కృపారావు!" దోర్నాల అనే పేరు ఒక లారీ వెనక చూశాను. అంతకుమించి నాకు ఆ అడవి గురించి ఏమీ తెలియదు.

అరగంటలో దడి చుట్టూ జనం. కృపారావు చుట్టు తిరిగి నా బల్ల దగ్గరికి వచ్చినప్పుడు మెల్లగా అడిగాడు.

"అదేందండీ చిన్నబాబుగారూ, నేనెప్పుడెళ్ళా?"

"నువ్వు తొక్కు. నే చెప్తా."

ఇంకో చుట్టు తిరిగొచ్చాడు. "అబద్ధం కదండీ."

"మైకులో అన్నది అబద్ధం కాదురా, అనౌన్సుమెంటు" అన్నాను. ఆ తెలివికి నాలో నేనే మురిసిపోయాను.

ఆ పేరు అతనికి అంటుకుపోయింది. బ్యానర్ల మీద కనుమ కృపారావు అని రాశారు. చర్చిలో పాస్టరుగారు కూడా అలాగే పిలిచాడట. ఆ ఆదివారం నుంచి కృపారావు చర్చిలో వెనక బెంచీకి మారిపోయాడని దేవమణి చాలా ఏళ్ళకి చెప్పింది. నాకు చెప్పుతో కొట్టినట్టయింది. నేను సరదాగా విసిరిన మాటని ఒక మనిషి ఎనిమిదేళ్ళు మోశాడు.

ఎనభై ఒకటి ఆగస్టులో నందిగామ బస్టాండు పక్కన ఆట. ఐదో రోజు సాయంత్రం జనంలోంచి కుటుంబరావుగారు ముందుకొచ్చాడు. ఆత్మకూరులో అటవీశాఖ ఆఫీసులో ఏడేళ్ళు గుమాస్తాగా చేసి, రిటైరై సొంతూరు వచ్చిన మనిషి. కళ్ళజోడు ముక్కు మీదకు దించి, "ఏవోయ్ కృపారావూ! కనుమ నెత్తిన రోడ్డు పక్కన ఒకటుంటుంది. ఆ దారినపోయేవాడికి అది కనపడకుండా ఉండదు. ఏంటో చెప్పు చూద్దాం" అన్నాడు.

నేను గబుక్కున గ్రామఫోను మీద ముల్లు పడేశాను. పాట ఊరంతా మోగింది. కానీ కృపారావు విన్నాడు. ఒక చుట్టు తిరిగాడు. రెండో చుట్టు. మూడో చుట్టులో నా బల్ల దగ్గరికి వచ్చి, నడుస్తున్న సైకిల్ మీంచే చెయ్యి చాపి, ముల్లు ఎత్తేశాడు.

"నేను చూళ్ళేదండి. నేనసలు ఆ దారి మొహమే చూళ్ళేదు" అన్నాడు. ఎదురుగా మైకు ఉంది. రెండు హారన్లలోంచీ ఆ మాట వెళ్ళిపోయింది.

ఎవడో ఈల వేశాడు. "గానుగెద్దు కృపారావు!" అని అరిచాడు ఇంకొకడు. మిగిలిన రెండు రోజులూ అతను ఆ అరుపుల మధ్యే తిరిగాడు. కాలు మాత్రం కింద పెట్టలేదు. ఏడో రోజు దిగాక దేవమణి అతనికి మజ్జిగ ఇచ్చి, అందరి ముందూ అంది.

"ఎనిమిదేళ్ళు ఆ పేరుతో పిలిపించుకున్నావయ్యా. ఎక్కిరా. ఎక్కలేకపోతే ఆ పేరు అక్కడే ఒదిలేసిరా."

నేను నవ్వాను. ఆమె నా వైపు తిరిగింది. "మీరూ ఎళ్ళండి బాబుగారూ. చెప్పింది మీరే కదా. కళ్ళతో చూసి చెప్పండి ఈసారి."

నవంబరులో వానలు తెరిపిచ్చాక బయల్దేరాం. ముక్త్యాల రేవులో సైకిళ్ళు పడవెక్కించి కృష్ణ దాటాం. అవతల గుంటూరు జిల్లా. అచ్చంపేట, సత్తెనపల్లి, నరసరావుపేట మీదుగా దారి. అప్పుడు బయటపడింది అసలు సంగతి. కృపారావు సైకిల్ తిన్నగా పోవడం లేదు. ఉండుండి ఎడమ మార్జిన్లోకి దిగిపోతోంది. ఆగి హ్యాండిలు సరిచేశాడు. చక్రం విప్పి బిగించాడు. నాలుగు మైళ్ళు పోయాక మళ్ళీ అదే. చివరికి నా సైకిల్ ఎక్కి చూశాడు. అదీ ఎడమకే పోయింది.

"సైకిల్‌ది కాదండి. నాదే" అన్నాడు.

పదమూడేళ్ళుగా అతను వెదురు దడిలో తిరిగింది ఎడమకే. ఎప్పుడూ ఎడమకే. ఒంట్లో ఎముకలు కూడా ఆ వాటానికే అలవాటు పడిపోయాయి. కొండదారి నిండా మలుపులుంటాయి, అందులో సగం కుడి చేతివే. వెనక్కి పోదాం అన్నాను. అతను వినలేదు. "దోర్నాల దాకా ఆగినా పడుకున్నా తప్పు లేదండి. అక్కణ్ణించి ఎక్కితే మటుకు కాలు పెట్టను. మీరన్నది అదే కదా" అన్నాడు. నేనన్న మాటని అతను ఒప్పందంలా పట్టుకున్నాడు.

వినుకొండ చేరేసరికి నేను కూర్చోలేని స్థితికి వచ్చాను. ఎక్కడ కూర్చోలేనో చెప్పనక్కర్లేదు. నా సైకిల్‌ని బస్సు టాపు మీద వేసి, నేను లోపల నిలబడి ప్రయాణం చేశాను. మర్నాడు సాయంత్రానికి త్రిపురాంతకం, యర్రగొండపాలెం మీదుగా అతనూ దోర్నాల వచ్చేశాడు. మొహంలో అలసట లేదు. ఎదురుగా ఆకాశానికి అడ్డంగా పడుకున్న కొండల వరసని చూస్తూ నిలబడిపోయాడు. మా వైపు మేం గుట్టల్ని కొండలంటాం. ఆ తప్పు నాకు ఆ సాయంత్రం తెలిసింది.

తెల్లవారాక అడవి గేటు దగ్గర వెదురు కోసం పోతున్న ఖాళీ లారీ దొరికింది. డ్రైవరుకి విషయం చెప్పాను. అతను కృపారావుని, ఆ పాత సైకిల్‌ని ఎగాదిగా చూసి, "రెండో మలుపులో దిగి తోస్తాడులేయ్యా" అని నవ్వాడు. సరదా కోసం వెనకే మెల్లగా నడుపుతానన్నాడు. నా సైకిల్ లారీలో వేసి, నేను ముందు అతని పక్కన కూర్చున్నాను.

మొదటి రెండు మలుపుల్లో డ్రైవరు జోకులేశాడు. నాలుగో మలుపుకి ఊరుకున్నాడు. కృపారావు నిటారుగా కూర్చుని తొక్కుతున్నాడు. లేచి నిలబడి తొక్కడం లేదు, ఆయాసపడటం లేదు. ఎత్తు మరీ ఎక్కువైన చోట రోడ్డు ఈ అంచు నుంచి ఆ అంచుకి అడ్డంగా పోయి, మళ్ళీ ఇటు వచ్చి, అలా ఎత్తుని కొంచెం కొంచెంగా కొరుక్కు తింటున్నాడు. లారీ మొదటి గేరులో మూలుగుతోంది. ఎడమ మలుపులు అతనికి ఇంట్లో నడిచినట్టే ఉన్నాయి. కుడి మలుపు వచ్చినప్పుడల్లా ఒళ్ళంతా బిగబట్టి, దాదాపు బతిమాలుకుంటూ తిప్పుతున్నాడు.

ఆ తర్వాత వచ్చింది ఒక కుడి మలుపు. రోడ్డు ఒక్కసారిగా వెనక్కి మడిచినట్టు తిరిగింది. ఎడమ పక్క గోడ లేదు, గట్టు లేదు. కింద ఎక్కడో చెట్ల నెత్తులు కనపడుతున్నాయి. కృపారావు హ్యాండిలు కుడికి తిప్పాడు. ఒళ్ళు ఎడమకే లాగింది. ముందు చక్రం రోడ్డు దాటి గులకరాళ్ళ మీదకి పోయింది. డ్రైవరు బ్రేకు తొక్కాడు.

కాలు దించితే ఏ గొడవా లేదు. ఎడమ కాలు పెడల్ మీంచి లేచింది కూడా. నేలకి బెత్తెడు ఎత్తులో ఆగింది. అంతలో సైకిల్ ఆగిపోయింది. పడలేదు, కదల్లేదు. దడి లోపల అరటిపండు తిన్నప్పుడు నిలబెట్టినట్టే నిలబెట్టాడు, కానీ ఇక్కడ అంచు అవతల లోయ ఉంది. ఆ కాలు మెల్లగా తిరిగి పెడల్ మీదకు చేరింది. ముందు చక్రాన్ని ఎత్తి జానెడు కుడికి వేశాడు. మళ్ళీ ఎత్తాడు, మళ్ళీ జానెడు. అలా ఎన్నిసార్లు వేశాడో నేను లెక్కపెట్టలేదు. చక్రం రోడ్డు వైపు తిరిగింది. తొక్కుకుంటూ వెళ్ళిపోయాడు.

డ్రైవరు మళ్ళీ గేరు వేశాడు. "ఎవరయ్యా ఈయన?" అన్నాడు. ఎనిమిదేళ్ళుగా అతని గురించి ఊరూరా అరిచిన నాకు, ఆ ప్రశ్నకి జవాబు తెలియలేదు.

అక్కణ్ణించి డ్రైవరు ప్రతి కుడి మలుపు ముందూ హారన్ కొట్టి ఎదురొచ్చే బళ్ళని ఆపుతూ వచ్చాడు. నేను కిటికీలోంచి మంచినీళ్ళ చెంబు అందించాను. సగం నా మీదే ఒలికింది. దేవమణి చెయ్యి నాకెలా వస్తుంది? అడవి చిక్కబడింది. టేకు చెట్లు, వెదురు పొదలు, రోడ్డుకి అడ్డంగా పారే సన్నటి నీళ్ళు. ఒకచోట నెమళ్ళు రోడ్డు మీద నిలబడి, సైకిల్ మరీ దగ్గరికి వచ్చాక పక్కకి తప్పుకున్నాయి. ఇంత పెద్ద అడవిలో ఒక మనిషి తన రెండు కాళ్ళతో తనని తాను పైకి మోసుకుపోతున్నాడు. అంతకంటే పెద్ద సంగతి నా జన్మలో చూడలేదు.

మధ్యాహ్నానికి ఎత్తు అయిపోయింది. రోడ్డు చదునుగా కొంచెం దూరం పోయి అవతలికి దిగుతోంది. అక్కడ రోడ్డు పక్కన నడుమెత్తు రాళ్ళ కుప్ప ఉంది. డ్రైవరు లారీ ఆపి, చెప్పులు వదిలి దిగాడు. అటూ ఇటూ చూసి ఒక రాయి తెచ్చి కుప్ప మీద పెట్టి దణ్ణం పెట్టాడు.

"ఏంటిది?" అన్నాను.

"కనుమ దాటినోళ్ళు తలా ఒకటి ఏస్తారయ్యా. మా తాతల కాణ్ణించీ అంతే. ఎయ్యకపోతే దాటినట్టు కాదు."

కుటుంబరావుగారు అడిగింది దీన్ని గురించేనని అప్పుడు తెలిసింది. కృపారావుకీ తెలిసింది. అతను ఆగలేదు. కుప్ప పక్కన ఖాళీ జాగా ఉంటే, దాని చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. ఎడమకే, దడిలో తిరిగినట్టు. కళ్ళు మాత్రం రాళ్ళ మీదే ఉన్నాయి.

నేను ఒక రాయి తీసుకుని పరిగెత్తాను. "ఇదిగో, పట్టుకో! సీటు మీంచే ఎయ్యి! సగం పైనే అయిపోయింది, దిగుడు ఎంతసేపు? కాలు పెట్టకుండా దాటేసినట్టే!"

"ఎవరి రాయి వాళ్ళే ఏరుకోవాలయ్యా. ఒకళ్ళు అందిస్తే చెల్లదు" అన్నాడు డ్రైవరు.

"నువ్వూరుకోవయ్యా! చూసేదెవరిక్కడ?" అని కసిరాను. "కృపారావూ, ఎవడికి తెలుస్తుంది? నేను చెప్తాగా మైకులో!"

కృపారావు ఇంకో చుట్టు తిరిగి నా దగ్గరికి వచ్చాడు. నా చేతిలో రాయి తీసుకోలేదు. "మీరు చెప్తారండి" అన్నాడు. అందులో ఎత్తిపొడుపు లేదు. అదే నన్ను ఎక్కువ పొడిచింది.

ఇంకో చుట్టు. ఇంకొకటి. అతని మొహం చుట్టు చుట్టుకీ మారుతోంది. ఒక పక్క మేం ఎక్కివచ్చిన లోయ, దాని అవతల మా ఊళ్ళు. ఇంకో పక్క అంతులేని పచ్చదనం, దాని చివర నీలంగా ఎవరివో మైదానాలు. పదమూడేళ్ళు చుట్టూ తిరిగిన మనిషి ఎదురుగా, మొదటిసారి, చేరవలసిన ఒక చోటు ఉంది. చేరాలంటే ఆగాలి.

కృపారావు బ్రేకు పట్టాడు. ఎడమ కాలు పెడల్ మీంచి తీశాడు. చెప్పు విదిలించి, వట్టి పాదం నేల మీద పెట్టాడు.

సైకిల్‌ని పక్కకి ఆనించి, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, అటూ ఇటూ చాలాసేపు చూశాడు. "ఇంత ఉందాండీ లోకం" అన్నాడు. తర్వాత రాయి కోసం వెతికాడు. దొరికినదల్లా తీసి చూసి పారేశాడు. పావుగంట వెతికి, గుప్పెడంత నున్నటి రాయి ఒకటి తెచ్చి, కుప్ప మీద జారకుండా ఆనించి పెట్టాడు. మా ఆవిడ తరఫున కూడా ఒకటి పెట్టొచ్చా అని కృపారావు అడిగితే, తీసుకొచ్చి పెట్టించు అన్నాడు డ్రైవరు. మరుసటేడు తీసుకెళ్ళాడు కూడా. కనుమంతా ఇద్దరూ కబుర్లు చెప్పుకుంటూ సైకిల్ తోసుకుంటూ ఎక్కారట.

నేనూ ఒకటి పెట్టబోయాను. లారీలో కూర్చుని వచ్చినవాణ్ణి. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

అక్కణ్ణించి దిగి ఆత్మకూరు వెళ్ళాం. దాహం వేసిన చోటల్లా అతను ఆగాడు, కాలు పెట్టాడు, వాగు నీళ్ళు తాగాడు. కుడి మలుపుల్లో దిగి నడిపించుకుపోయాడు. సిగ్గుపడలేదు.

జనవరిలో నందిగామలో అదే స్థలంలో మళ్ళీ దడి కట్టించాం. మూడో రోజు సాయంత్రం కుటుంబరావుగారు వచ్చాడు. జనం గుసగుసలు పోతున్నారు. ఆయన కళ్ళజోడు దించి, "ఏవోయ్, వెళ్ళొచ్చావంటగా. ఏముంది కనుమ నెత్తిన?" అన్నాడు.

ఈసారి నేనే గ్రామఫోను ముల్లు ఎత్తి, మైకుని బల్ల అంచుకి జరిపాను. కృపారావు చుట్టు తిరిగి నా దగ్గరికి వచ్చాడు.

"రాళ్ళ కుప్పండి. కాలు కింద పెట్టి, నేనూ ఒకటి పెట్టొచ్చానండి" అన్నాడు.

కాలు కింద పెట్టానని, కాలు పెట్టకపోవడమే తన బతుకైనవాడు చెప్పాడు. ఎవరూ ఈల వెయ్యలేదు. దడి అవతల దేవమణి చెంబు పట్టుకుని, పరిగెత్తడం మర్చిపోయి నిలబడింది.

కుటుంబరావుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఏడేళ్ళలో నలభైసార్లు ఆఫీసు జీపులో దాటుంటానోయ్" అన్నాడు మెల్లగా. "ఒక్కసారీ దిగలేదు."

మైకు ఆయన పక్కనే ఉంది. ఆ మాట కూడా రెండు హారన్లలోంచీ ఊరంతా వినపడింది.